సీటు కింద కళ్లజోడు

అమ్మకి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు.

పాత కార్లు అమ్మే ఈ షాపులో, వచ్చిన ప్రతి బండినీ కడిగి కొత్తదానిలా చెయ్యడమే కదా నా పని. సోమవారం నాన్న కారు వచ్చింది. ఇంజను పోయింది, పాత ఇనుము కింద వేసేశానని అన్నయ్య మనకి చెప్పిన కారే. తాళం తిప్పగానే స్టార్టయింది. స్టీరింగు మీద నాన్న ఉంగరం రాసుకుని పడ్డ గీత చూసి పోల్చుకున్నాను. "పాత మనిషి ఆనవాలు మిగలకూడదు" అన్నాడు ఓనరు. ఆ గీత నా చేత్తోనే అరగదీసి పాలిష్ పెట్టాను.

తర్వాత సీట్లు ఊడదీసి దుమ్ము దులుపుతుంటే నీ కళ్లజోడు దొరికింది. మతిమరుపుతో ఎక్కడో పారేశావని, కొత్తది చేయిస్తే అదీ పారేస్తావని అన్నయ్య ఆరు నెలలుగా నిన్ను సాధిస్తున్నాడే, అదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను మసిగుడ్డతో పట్టాను.

మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఆసుపత్రికి బస్సులోనే వెళ్తున్నావా? నా పాత స్వెటరు ఉంటే పంపించు, పొద్దస్తమానం నీళ్లలోనే పని. వదినకి నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

అన్నయ్యా, ఇది అమ్మకి చదివి వినిపించేది నువ్వే కదా. నచ్చని చోట దాటెయ్, కావాలంటే చించెయ్. ఇదే సంగతి ఇంకో కార్డు మీద రాసి, కళ్లజోడుతో కలిపి అమ్మ పేరున పార్సిల్ చేశాను. ఎల్లుండి నుంచి అమ్మ ఉత్తరాలు అమ్మే చదువుకుంటుంది.

చిన్నోడు