రాణిగారి ముక్కు మీద దుమ్ము

శ్రీమతి ఒలివ్ పెట్టిఫర్ గారికి,
పెద్ద చర్చి కార్యదర్శి నమస్కారాలు. మన రాజారాణుల సమాధి మీది పాలరాతి బొమ్మల్ని ఇకనుంచి శిక్షణ పొందినవారే తుడవాలని సంఘం తీర్మానించింది. ముప్ఫయ్యొక్కేళ్లుగా ప్రతి మంగళవారం మీరు చేసిన సేవకు కృతజ్ఞతలు. బ్రష్షు ఆఫీసులో అప్పగించగలరు.
భవదీయుడు,
హ్యూ డన్‌స్టన్

డన్‌స్టన్ గారికి,
మీ ఉత్తరం అందింది. మంగళవారం వచ్చి మామూలుగానే తుడిచాను. రాణిగారి ముక్కుకి ఎడమవైపు పగులుంది. అక్కడ బ్రష్షు పైనుంచి కిందికే పోవాలి, అడ్డంగా లాగితే రాయి రాలుతుంది. మీ శిక్షణలో ఇది చెప్తారా? రాణిగారూ రాజుగారూ లేచి వెళ్లేదాకా నేనూ వెళ్లను.
ఇట్లు,
ఒలివ్ పెట్టిఫర్
తా.క.: రాజుగారి కాళ్ల దగ్గరి రాతి సింహం చెవి వెనక ఎవరో చూయింగ్ గమ్ అంటించారు. మీ సంఘం ఎప్పుడైనా వంగి చూసిందా?

శ్రీమతి పెట్టిఫర్ గారికి,
మీ బాధ అర్థమైంది. ఇన్నేళ్ల మనిషిని ఒక్క ఉత్తరం ముక్కతో పంపేయడం మర్యాద కాదు. అందుకే వచ్చే మంగళవారం మూడింటికి సమాధి పక్కనే మీకు వీడ్కోలు టీ ఏర్పాటు చేశాం. బిషప్ గారు మాట్లాడతారు.
విధేయుడు,
హ్యూ డన్‌స్టన్
తా.క.: సమాధి చుట్టూ తాడు కట్టించాం. మిమ్మల్ని ఉద్దేశించి కాదు.

డన్‌స్టన్ గారికి,
టీ బాగుంది. కేకు ఎండిపోయింది. బిషప్ గారు నన్ను పొగుడుతున్నంతసేపూ నేను రాజుగారి గడ్డం తుడుచుకున్నాను. ప్రసంగం మధ్యలో లేవడం బాగోదని మీరెవరూ నన్ను ఆపలేదు. వచ్చే మంగళవారం కలుద్దాం.
ఒలివ్ పెట్టిఫర్
తా.క.: తాడుకి థాంక్స్. కోటు తగిలించుకోవడానికి ఇన్నాళ్లూ చోటుండేది కాదు.

అమ్మా,
ఇక మిమ్మల్ని అధికారికంగా తొలగించక తప్పదు. అందుకోసం మా రిజిస్టర్లన్నీ తిరగేశాం. మీ పేరు ఎక్కడా లేదు. అసలు మిమ్మల్ని ఎవరు నియమించారు?
హ్యూ డన్‌స్టన్

డన్‌స్టన్ గారికి,
ఎవరూ నియమించలేదు. ఆ రోజు వాన పడుతుంటే లోపలికొచ్చాను. ఎవరో ఒకావిడ "ఇంత ఆలస్యమా?" అని బ్రష్షు నా చేతిలో పెట్టి టీకి వెళ్లిపోయింది. ఆవిడ అనుకుంటున్న మనిషిని నేను కాదని చెప్పడానికి మొహమాటపడ్డాను. మరుసటి మంగళవారం చెబుదామనుకున్నాను. నేను మీ చర్చి మనిషిని కూడా కాదు, మెథడిస్టుని. ఆదివారాలు మా చర్చికే వెళ్తాను.

అంతకు ఆరు రోజుల ముందే మా ఆయన వాల్టర్‌ని సమాధి చేశాం. ఇంట్లో కడగడానికి ఒక్క కప్పే ఉండేది. ఇక్కడ ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. నాకు వాళ్లని వదిలి వెళ్లబుద్ధి కాలేదు, ఇప్పుడూ కావడం లేదు.

నియమించని మనిషిని మీరు తీసేయలేరు. తీసేయాలంటే ముందు నియమించండి.
మంగళవారాల మనిషి,
ఒలివ్ పెట్టిఫర్
తా.క.: అసలు రావలసినావిడ ఆ మరుసటి వారం వచ్చింది. ఖాళీ లేదని చెప్పి పంపేశాను.