గోంగూర పాస్తా వడ్డన

జీగెన్, జర్మనీ

అమ్మమ్మకు కుముదిని దణ్ణాలు. నేను బాగానే తింటున్నాను, బెంగ పెట్టుకోకు. నా థీసిస్ పూర్తయిందని మా ప్రొఫెసర్ హెల్గా గారు ల్యాబ్ వాళ్ళందరినీ ఇండియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లారు. గోంగూర పాస్తా ఒకే పెద్ద పళ్ళెంలో తెచ్చిపెట్టారు, అందరూ అందులోంచే తినాలట. ఎంగిలవుతుందని, ఎవరూ ఫోర్కు పెట్టకముందే నేనే లేచి, మన పెళ్ళి బంతిలోలా కొసరి కొసరి వడ్డించాను. తీరా చూస్తే నాకే మిగల్లేదు. హెల్గా గారు తను తింటున్న ప్లేటు నా ముందుకు జరిపి, "ఇందులోంచి తిను, లేకపోతే నేనూ మానేస్తాను" అన్నారు. తినేశాను. బాగుంది.

కందిపొడి పంపు, ఆవిడకి అన్నంలో కలిపి పెట్టాలి. నీ కంటికి కట్టు విప్పారా? అప్పటిదాకా నా కార్డులు తాతయ్యే చదివి వినిపిస్తాడుగా.

తాతయ్యా, ఆ ఎంగిలి ముక్క మాత్రం దాటేసి చదువు.

మీ కుముదిని