రోజుకో పేజీ దరఖాస్తు

1948 ఏప్రిల్ 12, సోమవారం
ఉదయం 5.10

లేచాను! కోడి కంటే ముందు లేచాను! ఈ నోటుపుస్తకం నిన్న సాయంత్రం కొన్నాను. ఎర్ర అట్ట. చేతిలో పట్టుకుంటేనే దర్జాగా ఉంది.

సంగతేమిటంటే, మా మామిడికాయల మండీలో పెద్ద గుమాస్తా సూర్యనారాయణ గారికి చూపు ఆనడం లేదు. ఈ నెల కాగానే మానేస్తారట. ఆ కుర్చీ ఖాళీ! నిన్న మా షావుకారు దశరథరామయ్య గారు అందరినీ పిలిచి చెప్పారు.

"మా అల్లుడు చెప్పాడయ్యా. స్వరాజ్యం వచ్చాక అన్నీ కాగితం మీదే ఉండాలంట. కుర్చీ కావాల్సినవాళ్ళు దరఖాస్తు రాసి నెలాఖరుకల్లా నా చేతిలో పెట్టండి."

నేను తొమ్మిదేళ్ళుగా చిన్న గుమాస్తాని. ఆ కుర్చీ నాకు రాకపోతే సువర్ణరాజుకి పోతుంది. రాజు నాకంటే ఆరేళ్ళు చిన్న. వాడికి బుట్ట కట్టడం నేర్పిందే నేను. ఇప్పుడు "ఏమోయ్ రాజూ" అని పిలుస్తున్నాను. వాడు కుర్చీ ఎక్కితే నేను ఎదురుగా నిలబడి "అలాగేనండీ రాజుగారూ" అనాలి. నూజివీడులో ఇంతమంది ముందు! ఆ మాట నా నోట రాదు. రానివ్వను.

అందుకని రేపటి నుంచి:

1. రోజుకో పేజీ. నెలాఖరుకి పద్దెనిమిది పేజీలు. కృష్ణా జిల్లాలో ఇంత దరఖాస్తు ఎవరూ చూసి ఉండరు.
2. రోజూ ఐదింటికి లేవడం.
3. ఒక్క అబద్ధమూ రాయకపోవడం.
4. పూర్తయ్యేదాకా పేక ముట్టకపోవడం.
5. అంతా ఇంగ్లీషులో.

మా ఆవిడ శకుంతల కాఫీ పట్టుకొచ్చి నా నుదుటి మీద చెయ్యేసి చూసింది. "ఏంటండీ, ఇంత పొద్దున్నే లేచారు? ఒంట్లో బాగాలేదా?"

ఏప్రిల్ 13, మంగళవారం

6.45: లేచాను. కోడి కూసినట్టు లేదు.
7.00: "రెస్పెక్టెడ్ సర్" అని రాశాను.
7.40: దాని కింద గీత గీశాను.
8.00: గీత వంకర పోయింది. కాగితం మార్చాను.

సాయంత్రం పక్కింటి లేయా టీచరమ్మకి చూపించాను. ఆవిడ మిషను స్కూల్లో ఇంగ్లీషు చెబుతారు. చూసి, "బాగుందండీ వీరభద్రరావు గారూ. మరి మీ షావుకారు గారికి ఇంగ్లీషు వచ్చా?" అన్నారు.

రాదు.

ఐదో నిర్ణయం కొట్టేశాను. "మహారాజశ్రీ దశరథరామయ్య గారి సముఖమునకు" అని తెలుగులో మొదలుపెట్టాను. అక్షరాలు కొంచెం పెద్దవి రాస్తే పేజీ నిండింది. మొదటి రోజు, మొదటి పేజీ! భేష్!

ఏప్రిల్ 15, గురువారం

నిన్న రాయలేదు. ఎండ. రెండు రోజులదీ ఇవాళ కలిపి రాద్దామని కూర్చున్నాను. ఈ పేజీ పేరు "నా అనుభవం".

తొమ్మిదేళ్ళలో నేనేం చేశానా అని ఆలోచించాను. బుట్టలకి పై వరస పేర్చాను. అది అందరికీ చేతకాదు. కాయ ఎర్రబారిన వైపు పైకి రావాలి, తొడిమలన్నీ ఒక వైపే ఉండాలి, మధ్యలో ఒక ఆకు. చూసినవాడు ఇంకో బుట్ట వైపు తల తిప్పకూడదు. కింద ఏ కాయ ఉందన్నది వాడు ఇంటికెళ్ళాక చూసుకుంటాడు.

అప్పుడే తట్టింది! దరఖాస్తు కూడా అలాగే కట్టాలి. గొప్పవన్నీ మొదటి పేజీలో, నాసిరకం ఏదైనా ఉంటే ఆఖరి పేజీలో. అక్కడిదాకా ఎవరు చదువుతారు? నా బుర్రకి నేనే మెచ్చుకున్నాను.

ఏప్రిల్ 18, ఆదివారం

మంచివాణ్ణని రాసిచ్చే టెస్టిమోనియల్ కోసం బాపులపాడు వెళ్ళాను, నాకు చదువు చెప్పిన మేష్టారి దగ్గరికి. పోను సైకిలు, రాను కూడా సైకిలే, మధ్యలో పంక్చరు. మేష్టారు నన్ను చూసి చాలా సంతోషించారు. "లెక్కల పరీక్ష నాడు అటకెక్కి పడుకున్నవాడివి నువ్వే కదూ?" అన్నారు. నేను కాదన్నాను. నమ్మలేదు. కాగితం మీద ఇలా రాసిచ్చారు:

"ఈ చిరంజీవి నా వద్ద మూడు తరగతులు ఐదు సంవత్సరముల పాటు శ్రద్ధగా చదివినాడు."

ఆఖరి పేజీ వెనక పెట్టాను.

ఏప్రిల్ 21, బుధవారం

చాట్రాయి నుంచి కాయ దిగింది. పొద్దున్నుంచీ నిలువుకాళ్ళ మీదే ఉన్నాను. రాయలేదు. నిన్న కూడా రాయలేదు, అది వేరే కారణం (పేక). కానీ ఒక్క ఆటే! మండీ వెనక గదిలో బండివాళ్ళకి నాలుగో చెయ్యి తక్కువైంది. మనిషన్నాక ఆ మాత్రం సాయం చెయ్యాలి.

మూడో నిర్ణయానికి చిన్న సవరణ. కాయని గడ్డిలో వేసి మాగబెడతాం. అదే కాయ, రంగు మారుతుంది. దాన్ని ఎవరైనా అబద్ధం అంటారా? అందుచేత "పదిమందికి పని నేర్పితిని" అని రాశాను. నేర్పింది రాజు ఒక్కడికే. వాడు పదిమంది పని చేస్తాడు కనుక సరిపోయింది.

జి. కొండూరు నుంచి శకుంతల అక్కగారి ఉత్తరం వచ్చింది. "మరిదిగారు పెద్ద గుమాస్తా అయినందుకు మాకెంతో ఆనందం." ఇదేమిటని శకుంతలని అడిగాను. "ఎలాగూ అవుతారు కదా అని ముందే రాశానండీ" అంది. ఇంక వెనక్కి పోవడానికి లేదు.

ఏప్రిల్ 24, శనివారం

ఆరు పేజీలయ్యాయి. లేయా టీచరమ్మ అన్నీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అన్నీ గొప్పలే ఉన్నాయండీ. తప్పే చెయ్యని మనిషంటే ఎవరూ నమ్మరు. మీ వల్ల జరిగిన పొరపాటు ఒకటి నిజాయితీగా రాయండి. దానితో బలం వస్తుంది."

నా వల్ల పొరపాటా? ఇంటికొచ్చి కొత్త కాగితం తీశాను. తర్వాత రాశాను. ఒక్క గుక్కలో పేజీ నిండింది.

మూడేళ్ళ కిందట వేసవిలో కలకత్తా వెళ్ళే బుట్టలకి ఎర్ర దారం, బెజవాడ వెళ్ళేవాటికి పచ్చ దారం కట్టాలి. కలకత్తా దూరం, దానికి పచ్చికాయ పోవాలి. బెజవాడకి మాగిన పండు. ఆ రోజు నేను పేక ధ్యాసలో దారాలు తారుమారుగా కట్టాను. పండ్లన్నీ కలకత్తా వెళ్ళాయి. అక్కడ వ్యాగను తలుపు తీస్తే రసం కారిందట! టెలిగ్రాం వచ్చింది. బుట్టలు స్టేషనుకి పోయే లారీకి ఎక్కించింది సువర్ణరాజు కనుక షావుకారు గారు వాణ్ణి అనరాని మాటలన్నారు. ఆ సీజనంతా నీడ లేని వాకిట్లో కాటా దగ్గర నిలబెట్టారు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

రాశాక మళ్ళీ చదువుకున్నాను. సిగ్గేసింది. కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది.

అయితే ఇది దరఖాస్తులో పెట్టడానికి నాకేం పిచ్చా? ప్రస్తుతానికి ఏడో పేజీగా అడుగున ఉంచాను. సాపు ప్రతి రాసేటప్పుడు తీసేస్తాను.

ఏప్రిల్ 27, మంగళవారం

రాయకపోవడానికి కారణాలు: ఉక్క. పాళీ విరిగింది. కొత్త పాళీ గీరుకుంటోంది. శకుంతల ఆవకాయ ముక్కలు కొట్టించడానికి పంపింది. ఏడు పేజీలు చాలు, పద్దెనిమిది ఎవరు చదువుతారు? ఐదింటికి లేస్తే పగలు నిద్ర వస్తోంది, అది షావుకారు గారికి నష్టం.

పేక: మూడు ఆటలు. రెండు గెలిచాను!

ఏప్రిల్ 29, గురువారం

రేపే గడువు. సాపు రాయాలి. శకుంతల చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. నాది చీమలు సిరాలో పడి నడిచినట్టుంటుంది. అందుకని కాగితాలు ఆమె చేతిలో పెట్టి, "ఒక్క అక్షరం కూడా వదలకుండా సాపు రాయి" అన్నాను. అవతల బండివాళ్ళు పిలుస్తున్నారు. ఇదే ఆఖరి ఆట.

ఏప్రిల్ 30, శుక్రవారం

8.30: ఇచ్చేశాను! శకుంతల పురికొసతో కుట్టి, మొదటి పేజీ మూలల్లో పసుపు కూడా రాసింది. ఎంత లావుగా, ఎంత అందంగా ఉందో! షావుకారు గారు చేత్తో బరువు చూసి, "బాగానే కట్టావే" అన్నారు.

రాజు చేతిలో కాగితమేమీ కనబడలేదు. బహుశా ముందే ఇచ్చి ఉంటాడు, గడుసువాడు.

మే 3, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పది గంటలకి షావుకారు గారు పిలిచారు. రాజు కూడా అక్కడే ఉన్నాడు. నా దరఖాస్తు ఆయన ఒళ్ళో ఉంది, బోర్లా. ఆఖరి పేజీ పైకి.

ఆయన ముప్పై ఏళ్ళుగా మామిడికాయ కొంటున్నారు. ఏ రైతు బుట్ట తెచ్చినా పై వరస వైపు చూడరు. చెయ్యి తిన్నగా అడుక్కి పోనిస్తారు. తొమ్మిదేళ్ళు రోజూ పక్కన నిలబడి చూసినవాణ్ణి, నేనెలా మరిచిపోయాను?

వెనక పేజీలో మేష్టారి ఐదేళ్ళు చదివి నవ్వారు. దాని తర్వాతి పేజీ తిప్పి నవ్వడం ఆపారు. అది ఏడో పేజీ. శకుంతల ముత్యాల్లాంటి చేతిరాతలో ఎర్ర దారం, పచ్చ దారం, కలకత్తా, అన్నీ ఉన్నాయి! ఆయన బిగ్గరగా చదువుతుంటే పక్క దుకాణం వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

"రాజూ, ఇది నీకు తెలుసా?"

"తెలుసండి."

"మరి చెప్పవేంరా?"

"ఆయన నాకు పని నేర్పారండి. ఎప్పటికైనా ఆయనే చెబుతారనుకున్నానండి."

షావుకారు గారు నా వైపు తిరిగారు. "భద్రం, ఇందులో ఈ ఒక్క పేజీ బాగుంది. మిగతా ఆరూ పై వరస. కుర్చీ రాజుది. నువ్వింక పేర్చడం మానెయ్. రేపట్నుంచి వచ్చిన ప్రతి బుట్టా కుమ్మరించి అడుగుకాయ చూడు. అడుగున ఏం దాస్తారో నీకు తెలిసినంతగా ఎవడికీ తెలీదు."

ఇంటికొచ్చి శకుంతల మీద విరుచుకుపడ్డాను. ఆమె గరిటె పక్కన పెట్టి, నింపాదిగా చెప్పింది.

"ఒక్క అక్షరం వదలొద్దన్నారు మీరే. మిగతా ఆరు పేజీలూ రాస్తుంటే ఎవరో పెద్దాయన గురించి రాస్తున్నట్టుందండీ. ఆ పేజీ దగ్గరికొచ్చేసరికి మీరు కనపడ్డారు. కావాలనే పెట్టారేమో, మంచిదే అనుకున్నాను."

"మరి మీ అక్కగారికి?"

"రాస్తాను లెండి. కాలేదని రాస్తాను. దానికేముంది?"

మే 4, మంగళవారం

9.15: "అలాగేనండీ రాజుగారూ."

వచ్చేసింది! మధ్యాహ్నానికి పదకొండు సార్లు అన్నాను. మొదటిసారి గుమ్మం వైపు చూస్తూ అన్నాను, తర్వాత అలవాటైంది. నేనన్న ప్రతిసారీ రాజే సిగ్గుపడి కుర్చీలోంచి సగం లేస్తున్నాడు.

ఈ రోజు కుమ్మరించిన బుట్టలు నలభై. వాటిలో అడుగున దెబ్బకాయ దొరికినవి పదమూడు. పనిలో మజా లేకపోలేదు.

మే 5, బుధవారం

సాయంత్రం 5.30కి రాజుగారు మా ఇంటికొచ్చారు. గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఒక చిక్కొచ్చిందండి, వీరభద్రరావు గారూ. అల్లుడుగారు నా దరఖాస్తు కూడా ఫైల్లో ఉండాలంటున్నారంట. నేనసలు రాయలేదండి."

"రాయలేదా! ఎందుకని?"

"మీరు రాస్తున్నారు కదండీ. మీకు పోటీగా నేనేం రాస్తానని ఊరుకున్నాను."

అంటే పోటీలో ఉన్నది నేనొక్కణ్ణే! "నాకు కుర్చీ కావాలి" అని ఒక్క ముక్క రాసిచ్చి ఊరుకున్నా అది నాదే! వంటింట్లో శకుంతల నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పడేసింది.

"నాకు రాయడం చేతకాదండి. మీరే రాసిపెట్టాలి. పదిరోజులు టైమిచ్చారు" అన్నారు రాజుగారు.

సరేనన్నాను. మళ్ళీ మొదటి నుంచి:

1. రేపటి నుంచి రోజుకో పేజీ.
2. ఐదింటికి లేవడం. ఈసారి ఖాయం.
3. అబద్ధాలు రాయను. ఇతని గురించి రాయడానికి అవి అవసరం కూడా లేదు.
4. పేక ముట్టను. (ఆదివారం లెక్కలోకి రాదు.)

5.50: కాగితం తీశాను. మొదటి వాక్యం ఆగకుండా వచ్చింది.

"అయ్యా, ఈ సువర్ణరాజు మూడేళ్ళ పాటు మోసిన తప్పు ఇతనిది కాదు, ఇది రాస్తున్నవాడిది."

రెండో వాక్యం రేపు పొద్దున్నే, ఐదింటికి.