చిక్కుడుకాయ తినని పిల్లలు

ఖమ్మం, నవంబరు

ఎర్రగుట్ట గుంపు పెద్ద జంపయ్య గారికి, ‘కుటుంబ తోడు’ ఆఫీసు నుంచి శారద నమస్కారాలు.

మీ గూడెంలో ఫోను సిగ్నల్ లేదని ఉత్తరం రాస్తున్నాను. చేత్తో ఉత్తరం రాసి ఎన్నాళ్లయిందో, తప్పులుంటే మన్నించండి. మీ అంగన్‌వాడీకి వచ్చే పిల్లల ఇళ్లకు తోడుగా ఉండడానికి మేం కవితను పంపాం. ఇంటింటికీ వెళ్లి తల్లులతో మాట్లాడడం, పిల్లలను ఆడించడం, అవసరమైతే దవాఖానాకు వెంట వెళ్లడం ఆమె పని. ఎలా చేస్తోందో రాయండి. అంగన్‌వాడీ వెనక మేం వేయించిన చిక్కుడు పాదులు పూతకొచ్చాయని విన్నాను. కాయ కాయగానే నేను తప్పకుండా వస్తాను. మీ అందరితో కూర్చుని చిక్కుడుకాయ కూరతో భోంచేస్తాను.

మీ మేలు కోరే,
శారద

తా.క.: కూరలో కారం కాస్త తగ్గించమనండి.

*

ఎర్రగుట్ట గుంపు

శారదమ్మ గారికి జంపయ్య దండాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. మీరూ అక్కడ బాగున్నారని తలుస్తాను. కవితమ్మ గురించి అడిగారు కదా, చెబుతాను. మా మనవరాలు సారికకు మూడేళ్లు నిండినా నోట మాట లేదు. నా కొడుకు వీరబాబు, కోడలు వనజ కూలికి పోతే పిల్ల కోళ్ల వెంట తిరిగేది. కోళ్లు అరిచేవి గానీ ఇది పలికేది కాదు. కవితమ్మ వచ్చినప్పటి నుంచి అరుగు మీద కూర్చుని దానితో ముచ్చట్లు పెడుతోంది. మొన్న అది కోడిని చూపించి “కోడి” అన్నది. మా ఇంటిది కొండమ్మ సంతోషం పట్టలేక ఏడ్చి, వెంటనే ఆ కోడినే కోసింది.

ఇదే తీరున సాగితే పిల్ల నన్ను తాతా అని పిలుస్తుందని నా ఆశ. కవితమ్మను మా గుంపు నుంచి కదపకండి. మేం అడిగేది అదొక్కటే.

మీరు వస్తానన్న సంగతి గుంపంతటికీ చెప్పాను.

మీ రాక కోసం చూసే,
జంపయ్య

తా.క.: కారం సంగతి కొండమ్మకు చదివి వినిపించాను. “కారం లేంది కూరెట్లయితది? సరే తియ్, చుట్టం కదా” అన్నది.

*

ఖమ్మం, డిసెంబరు

జంపయ్య గారికి శారద నమస్కారాలు.

ఒక చిక్కు వచ్చిపడింది. అంగన్‌వాడీలో చిక్కుడుకాయ కూర పెట్టిన రోజున పిల్లలెవరూ ముట్టడం లేదట. కవిత పంపే రిపోర్టులో ‘తిన్నారు’, ‘తినలేదు’ అని రెండే గడులు ఉంటాయి. కారణం రాయడానికి చోటు లేదు. మా పై అధికారి ప్రభాకర్ సారుకు అది చూసి కోపం వచ్చింది. “మనం పెట్టింది తినని ఊరికి మన మనిషి ఎందుకు?” అంటున్నారు. ఇలాగే ఉంటే కవితను వేరే మండలానికి మారుస్తారు.

ఈ వారం మీ ఊరు రావాలనే అనుకున్నాను. కానీ పిల్లలు ఎందుకు తినడం లేదో నివేదిక రాయమన్నారు. వచ్చే వారం తప్పకుండా వస్తాను. ఈలోగా చిక్కుడుకాయ గొప్పతనం చెప్పే బొమ్మల కాగితాలు పంపుతున్నాను, అందరికీ పంచండి.

శారద

తా.క.: బొమ్మలో చిక్కుడుకాయకు కళ్లు, చేతులు పెట్టించాం. పిల్లలకు నచ్చుతుంది.

*

ఎర్రగుట్ట గుంపు

శారదమ్మ గారికి దండాలు.

కాగితాలు అందాయి. కళ్లున్న చిక్కుడుకాయను చూసి సారిక వాళ్లమ్మ కొంగు చాటున దాక్కుంది. “మన దిక్కే చూస్తుంటే ఎట్ల తింటరు?” అని కొండమ్మ అడుగుతోంది.

అమ్మా, పిల్లలు మొండికేయడం లేదు. మా గుంపులో చిక్కుడు కొత్త పండుగ చేసి, వేల్పుకు పెట్టనిదే పిల్లలు గానీ పెద్దలు గానీ కొత్త కాయ నోట పెట్టరు. ఆ పండుగ ఇంకా కాలేదు. అయిన రోజున గిన్నెలు నాకేస్తారు. ఎప్పుడవుతుందని మాత్రం అడగకండి, అది నా చేతిలో లేదు. కవితమ్మకు అంతా తెలుసు గానీ, మీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించాను.

మీకు పని ఒత్తిడి ఎక్కువేమో. తొందరేమీ లేదు.

జంపయ్య

తా.క.: మీరు ఏ బస్సుకు వస్తారో కొండమ్మ అడగమన్నది. ఊరికే అడిగింది, అంతే.

*

ఖమ్మం, జనవరి

జంపయ్య గారికి నమస్కారాలు.

పండుగ సంగతి సారుకు చెప్పాను. ఆయన చుట్టుపక్కల గుంపుల్లో విచారించారు. అందరూ ఎప్పుడో చేసుకుని సుబ్బరంగా తింటున్నారట. మీరొక్కరే ఎందుకు ఆగారు? ఇది మూఢనమ్మకం అని తేల్చి, సారు తోలుబొమ్మలాట బృందాన్ని పంపుతున్నారు. నేనూ వాళ్లతో రావాలి. కానీ సరిగ్గా అదే రోజు మీ గుంపు గురించే ఇక్కడ మీటింగు పెట్టారు. ఆ పై వారం కచ్చితంగా వస్తాను, ఈసారి మాట తప్పను.

దయచేసి పండుగ జల్దీ కానివ్వండి. నెలాఖరుకు పిల్లలు తినకపోతే కవిత మీకు దక్కదు. నేను ఆపలేను.

శారద

తా.క.: ఆటలో చిక్కుడుకాయ పెళ్లికూతురు. వరుడు కోడిగుడ్డు.

*

ఎర్రగుట్ట గుంపు

శారదమ్మ గారికి జంపయ్య దండాలు.

ఆట బాగుంది. “పెండ్లి చూసి ఉత్తచేతుల్తోని ఎట్ల పోతం?” అని కొండమ్మ పెళ్లికూతురికి ఒక పెట్టను చదివించింది. ఆడించినవాళ్లు వద్దనలేదు. ఇప్పుడు వచ్చిన చిక్కేమిటంటే, పెళ్లైన పిల్లను కోసి వండుతారా అని పిల్లలు ఏడుస్తున్నారు.

ఇక మర్యాద తప్పి అసలు మాట చెప్పేస్తాను, కోపగించుకోకండి. కొత్తకు వస్తానని చుట్టం మాట ఇస్తే, ఆ చుట్టం వచ్చేదాకా మేం పండుగ చేయం. కాయ కాయగానే వచ్చి మాతో తింటానని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. తర్వాత ప్రతి ఉత్తరంలోనూ రాశారు. అందుకని ఆగాం. పక్క గుంపులకు వస్తానని ఎవరూ చెప్పలేదు, వాళ్లు తినేశారు. మీ వల్ల మా నోళ్లు కట్టుకున్నామని చుట్టానికి చెప్పుకోవడం మాకు సిగ్గు. అందుకే కవితమ్మ నోరు కూడా కట్టేశాను.

ఇప్పుడు కవితమ్మే పోయేటట్టుంది. కాబట్టి మీరు రాలేకపోతే ‘చేసుకోండి’ అని ఒక్క మాట పంపండి. ఆ పూటే చేసుకుంటాం.

మీ మాటకు కట్టుబడిన,
జంపయ్య

తా.క.: కాయ ముదిరింది. “నమలనీకి పండ్లు గట్టిగున్నయో లేవో శారదమ్మను అడుగు” అంటోంది కొండమ్మ.

*

ఖమ్మం, ఫిబ్రవరి

జంపయ్య గారికి,

మీ ఉత్తరం చదివి నా నివేదిక తీసి చూశాను. పిల్లలు ఎందుకు తినడం లేదో నేను ఇక్కడ కూర్చుని పేజీలకు పేజీలు రాశాను. కారణం నేనే. వెంటనే ‘చేసుకోండి’ అని కబురు పంపాను, మీరు చేసుకున్నారు, పిల్లలు మారు అడిగి మరీ తిన్నారని కవిత రిపోర్టు వచ్చింది.

అది పట్టుకుని సారు దగ్గరికి పరుగెత్తాను. కవిత బదిలీ కాగితం మీద అప్పటికే సంతకం అయిపోయింది. అయినా చూపించాను. ఆయన చదివి చాలా సంతోషించారు. “ఇంత బాగా తింటున్న పిల్లలకు ఇంక తోడు ఎందుకమ్మా?” అన్నారు. తినకపోయినా తీసేస్తారు, తిన్నా తీసేస్తారు. ఎంత వాదించినా వినలేదు. కవిత ఎర్రుపాలెం వెళ్లాలి.

మా ఊళ్లో ‘వస్తాను’ అనేది మాట ముగించడానికి అనే మాట. దాన్ని నమ్మి ఎవరో కూర మానుకుని కూర్చుంటారని నాకు తట్టలేదు. పొద్దున్నే చండ్రుగొండ బస్సెక్కితే మధ్యాహ్నానికి మీ విస్తరి ముందు ఉండేదాన్ని. ఎక్కలేదు. నన్ను క్షమించండి అని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

శారద

తా.క.: సారిక మిమ్మల్ని తాతా అన్నదా?

*

ఎర్రగుట్ట గుంపు, ఏప్రిల్

శారదమ్మ గారికి జంపయ్య, కొండమ్మ దండాలు.

మీరు అంతగా బాధపడకండి. మా తప్పూ ఉంది. నోరు విప్పి ముందే చెప్పాల్సింది, మర్యాదకు పోయి మనిషిని పోగొట్టుకున్నాం. సారిక తాతా అనలేదు. కవితమ్మ పోయాక కొత్త మాట ఒక్కటీ రాలేదు. నన్ను కూడా కోడీ అనే పిలుస్తోంది. పిలిచిందే చాలని పలుకుతున్నాను. రోజూ పొద్దున అరుగు మీద పక్కన చోటు వదిలి కూర్చుంటుంది. అది చూడలేక వనజ పనికి తొందరగా వెళ్లిపోతోంది.

ఇప్పుడు రాస్తున్నది ఇంకో సంగతి. కవితమ్మ వెళ్లేనాడు సారిక ఆమె కొంగు వదల్లేదు. ఆ పిల్లను ఊరుకోబెట్టడానికి ఆటోలోంచి “ఏడవకు బిడ్డా, మామిడి కొత్తకు వస్త” అన్నది. గుంపంతా విన్నది. ఇప్పుడు కొమ్మకొమ్మకూ కాయలు వేలాడుతున్నాయి. చిలకలు తింటున్నాయి, మేం ముట్టలేదు. పిల్లలు చెట్ల కింద నిలబడి పైకి చూస్తున్నారు.

ఏడుస్తూ అన్నది లెక్కలోకి రాదని కొందరు వాదించారు. కొండమ్మ ఒప్పుకోలేదు. “ఏడ్సుకుంట చెప్పిందే అసలు మాట” అన్నది.

కాబట్టి కవితమ్మను ఒక్క పూటకు పంపించండి. ఉద్యోగం మళ్లీ ఇక్కడే ఇవ్వమని అడగడం లేదు. ఒక్క పూట చాలు.

దోవ చూస్తున్న,
జంపయ్య

తా.క.: మీరూ రండి. వస్తానని మాత్రం రాయకండి.