మంచం దిగినందుకు

సోమమ్మా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. డ్యూటీ దిగి రాస్తున్నాను, కాళ్లు లాగుతున్నాయి.

ఆ రోజు భద్రాచలం అడవిలోంచి ఎగరొప్పుతూ మా వార్డుకొచ్చావు. ఖాళీగా ఉన్న ఒకే మంచం మీద పడుకోబెట్టి నీకు ఆక్సిజన్ పెట్టాను. నీ వెనకే ఒక మోతుబరి తల్లిని మోసుకొచ్చారు. ఎవరూ అడగకుండానే నువ్వు మంచం దిగి నేలమీద కూర్చున్నావు. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరూ మంచం దగ్గరే, ఆ పెద్దావిడకే ఉండిపోయింది. "మంచిదానివమ్మా" అన్నాను. నర్సునై ఉండి, నేనే అన్నాను. సాయంత్రానికి నువ్వు లేవు.

ఇవాళ మీ కోయగూడెం ముసలాయన అదే మంచం మీద ఉన్నాడు. గుమ్మంలో ఇస్త్రీ చొక్కాలు కనబడగానే మాస్కు తీసి లేవబోయాడు.

"పండుకో! దిగినవంటే ఊకోను" అని అరిచాను.

"పెద్దోళ్లొచ్చిండ్రు గద సిస్టరమ్మా. నేనేం తప్పు చేసిన?" అన్నాడు బెదిరిపోయి.

ఆ కేక నీమీద వేయాల్సింది, సోమమ్మా.