కవర్లో పెంటికలు

రోడ్ల కార్యాలయం సర్వే అధికారి ప్లంబ్ గారికి, ఎర్రగుట్ట కింది బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన ఇమెల్డా నింగుల్యా రాయునది.

మా గుట్ట పేల్చి రోడ్డుకు కంకర చేస్తామని నోటీసు అంటించారు. “ఇక్కడ వన్యప్రాణులు లేవు” అన్నారు. ఉన్నాయి. వర్రు. రాళ్ల సందుల్లో బతికే చిట్టి కంగారూ. మోకాలెత్తు ఉండదు, తోక ఒంటితో సమానం. మీ తెల్లవాళ్లు తెచ్చిన నక్కలూ పిల్లులూ తినగా ఈ చుట్టుపక్కల ఈ ఒక్క గుట్ట మీదే మిగిలింది. రుజువు ఇందులోనే పెట్టాను.

ఇట్లు,
ఇమెల్డా

తా.క.: మీ నోటీసులో నాలుగు తప్పులు. ఎర్ర సిరాతో దిద్దాను.

*

శ్రీమతి ఇమెల్డా గారికి,

మీ కవరు విప్పగానే బల్ల మీద పెంటికలు దొర్లాయి. ప్రభుత్వ అధికారికి మలం పంపడం బెదిరింపు కిందికి వస్తుంది. మీ ఉత్తరాన్ని న్యాయ విభాగానికి అప్పగించాం.

భవదీయుడు,
టి. ప్లంబ్

తా.క.: అప్పుడు నేను భోంచేస్తున్నాను.

*

నాయనా ప్లంబ్,

తిట్టాలంటే నాకు రెండు భాషలున్నాయి, పెంటికలతో పనేముంది? మేం వర్రును చూసి లెక్కపెట్టం. మన కంటికి ఆనేదైతే ఈపాటికి నక్క కంటికీ ఆనేది. పెంటిక చూస్తాం. నల్లగా మెరిస్తే నిన్నటిది, తెల్లబడితే పోయిన వేసవిది. మా చెల్లెలు మర్లీన్ నీ ఉత్తరం విని, “అక్కా, ఈ తెల్లోడికి గుప్పెడు ఆనదే! మొత్తం ఊడ్చి పంపెయ్, ఛస్తాడు” అంది. గుహ గుహకూ ఎక్కి ఊడ్చాం. ఐదు డబ్బాలయ్యాయి. ఏది ఏ గుహదో చీటీలు అంటించాను.

నీ మేలు కోరే,
ఇమెల్డా

తా.క.: భోజనమయ్యాకే విప్పు.

*

శ్రీమతి ఇమెల్డా గారికి,

మీ డబ్బాలను నిబంధన ప్రకారం విప్పకుండా, పైనున్న ఉత్తరంతో సహా కాల్చేశాం. అయితే మీ మొదటి కవరు గురించి నిపుణులను అడిగాం. పెంటికలుంటే జంతువు ఉన్నట్టేనట. నేను తొందరపడ్డాను, మన్నించండి. వెంటనే సర్వేయరును పంపాం. మిట్టమధ్యాహ్నం గుహలన్నీ చూశాడు. ఒక్క పెంటికా లేదు. “ఇంత శుభ్రమైన గుట్టను ఎక్కడా చూడలేదు” అని రాశాడు. కాబట్టి సోమవారం పేలుస్తున్నాం.

భవదీయుడు,
టి. ప్లంబ్

తా.క.: నోటీసులో తప్పులు సరిచేశాం. కృతజ్ఞతలు.

*

ప్లంబ్ బాబూ,

ఊడ్చింది మేమే. నువ్వు కాల్చిన డబ్బాల్లో ఉన్నవి అవే. మధ్యాహ్నపు ఎండలో ఆ జీవాలు సందుల్లో దూరి పడుకుంటాయి. పొద్దు వాలాక రమ్మను. కొత్త పెంటికలు పడుతూనే ఉంటాయి. ఈ నడుంతోనే గుట్టెక్కి నేను చూపిస్తాను. ఒక్క వారం ఆగు. బతిమాలుకుంటున్నాను. ఈ మాట నా జన్మలో ఎవరికీ రాయలేదు.

ఇమెల్డా

తా.క.: మర్లీన్ మూడు రోజులుగా అన్నం ముట్టలేదు.

*

శ్రీమతి ఇమెల్డా గారికి,

మీ ఉత్తరం పేల్చిన మర్నాడు, మంగళవారం అందింది. మీ ఊరికి టపా విమానం వారానికొకటే కదా.

ఇప్పుడు రోడ్డు కూడా పూర్తయింది. గుట్ట ఉన్న చోట వాహనాలు ఆగేందుకు స్థలం ఉంచాం. అక్కడ ఆ జంతువు బొమ్మతో బోర్డు పెట్టాలని పైవారి ఆదేశం. మీ భాషలో దాని పేరు కావాలి. మీ మొదటి ఉత్తరాన్ని న్యాయ విభాగం తిరిగివ్వడం లేదు. దయచేసి తెలుపగలరు.

భవదీయుడు,
టి. ప్లంబ్

తా.క.: అక్షరాలు తప్పు పోకూడదని మిమ్మల్నే అడుగుతున్నాను.

*

ప్లంబ్ గారికి,

మాలో ఎవరైనా పోతే, దుఃఖం తీరేదాకా వాళ్ల పేరు పలకం, రాయం. ఏళ్లు పడుతుంది. ఇది మనుషులకున్న ఆచారం. మొన్న పెద్దవాళ్లం కూర్చుని దీనికీ పాటించాలని తీర్మానించాం. బడి పుస్తకాల్లో ఆ మాట ఉన్న చోటల్లా నేనే కొట్టేసి వచ్చాను. ఎర్ర సిరాతోనే.

బొమ్మ కూడా వేయకండి. బోర్డు మాత్రం నిలబెట్టండి, ఖాళీగా.

ఇట్లు,
ఇమెల్డా నింగుల్యా

తా.క.: మీరు బతికే ఉన్నారు గనక మీ పేరుకు ఆ అడ్డు లేదు. ఊరంతా రోజూ పలుకుతున్నాం.