పెరట్లో ఇల్లు పీకేయకండి

ఏమండీ,

పెరట్లో అట్టపెట్టెలు, కొబ్బరి మట్టలతో కట్టిన గూడు ఒకటి కనబడుతుంది. దాన్ని పీకేయకండి. వీధికుక్క తన నాలుగు పిల్లల్నీ రాత్రి అందులోకి చేర్చుకుంది. వంకాయ కూర గిన్నెలో ఉంది, వేడిచేసుకుని తినండి. నర్సరీలో మొక్కల లోడింగ్ ఉంది, నేను వెళ్తున్నాను.

లారీ నడుపుతూ కంగారుపడతారని ఫోన్లో చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం మన దుర్గాశ్రీ రెండు గంటలు కనబడలేదు. చెప్పులు మాత్రం కాలువ రేవులో ఉన్నాయి. పక్కింటి బంగార్రాజుగారు నీళ్లలోకి దిగి వెతికారు. నేను గట్టు పొడవునా దాన్ని పిలుస్తూ పరిగెత్తాను. చివరికి ఆయన భార్య అచ్చాయమ్మగారు, "సత్యా, పిల్ల ఇక్కడే ఉందే," అని మన పెరట్లోంచి కేకేశారు.

ఆ గూట్లో ముడుచుకుని నిద్రపోతోంది. జంతువులకి ఇళ్లు కట్టే బొమ్మల పుస్తకం స్కూల్లో ప్రైజుగా వచ్చింది కదా, అది చూసి కట్టిందట. మట్టి కోసం రేవుకెళ్లి చెప్పులు మరిచిపోయిందట.

"కుక్కకి లోపల ఉక్కపోస్తుందేమోనని పడుకుని చూశానమ్మా," అంది.

ఒక దెబ్బ వేసి, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చాను. ఇప్పుడు మనసు కుదుటపడింది. స్కూలు నుంచి వచ్చాక మీరు దాన్నేమీ అనకండి. ఇలాంటప్పుడు మీరెప్పుడూ ఊళ్లో ఉండరు.

సత్య

ఇంకోటి. పుస్తకం చివర, నచ్చిన ఇల్లు గీసుకోమని ఖాళీ పేజీ ఉంది. అందులో మీ లారీ కేబిన్ గీసింది. "నాన్న ఎక్కువగా ఉండేది ఇందులోనే కదా, లోపల ఏం పెట్టమంటావు?" అని అడిగింది. నాన్ననే అడుగుదాం అన్నాను. మీరే చెప్పండి.